రేడియోలో బస్సెక్కిన ప్యాసింజర్లు

నాకు ముక్కు మీద కోపం. ఇది నేను చెప్పుకునే మాట కాదు, యాకుత్‌పురా స్టేషన్ వెనక మా గల్లీలో ఏ తలుపు తట్టి అడిగినా చెబుతారు. పాలలో నీళ్లు కలుపుతున్నాడని ఒకామె మా బాపు మీద నోరు పారేసుకుంటే, పన్నెండేళ్లప్పుడు పాల క్యాను ఆమె గడప మీదే కుమ్మరించి వచ్చినదాన్ని నేను. అలాంటిదాన్ని ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ రేడియోలో అనౌన్సరుగా ఎలా నెగ్గుకొచ్చానో నాకే ఆశ్చర్యం. అక్కడ కోపానికి చోటు లేదు. "నమస్కారం, ఇప్పుడు సమయం" అనాలి. అదీ మెత్తగా అనాలి.

మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలు, గోడకు మేకు, మేకుకు రేడియో. రేడియో మోగకపోతే పెద్ద బర్రె పాలు చేపదని మా బాపుకు గట్టి నమ్మకం. అందుకని పొద్దున వార్తలు, సాయంత్రం పాటలు, ఎన్నికలప్పుడు ఫలితాలు, అన్నీ బర్రెలతో పాటు మేమూ విన్నాం. చెంబులు పట్టుకుని పాలకు వచ్చినవాళ్లు కూడా వార్తలు అయిపోయేదాకా కొట్టం గుమ్మంలోనే నిలబడేవాళ్లు. వాళ్లలో ఎదురింటి ఆపా కూడా ఉండేది. ఆపా అంటే వాళ్లింట్లో అక్క. నాకన్నా రెండేళ్లు పెద్ద. మా అమ్మ చేసిన పచ్చిపులుసు ఆమె తినేది, వాళ్లమ్మ చేసిన ఖట్టీ దాల్ నేను తినేదాన్ని. పెళ్లయ్యాక కూడా ఆమె ఆ గల్లీలోనే ఉండి, లక్కగాజులకు రాళ్లు అతికే పని చేసుకునేది.

రేడియోలో గొంతు పరీక్షకు వెళ్లిననాడు బల్ల వెనక కూర్చున్న పెద్దాయన, "గొంతు బాగుందమ్మా, భాషే చార్మినార్ చుట్టూ తిరుగుతోంది" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేస్తాను? పని కావాలి. పని అంటే పర్మినెంటు కూడా కాదు. నెలకు కొన్ని డ్యూటీలు, చార్టులో పేరుంటే వెళ్లాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఆర్నెల్లు అద్దం ముందు నిలబడి వార్తల భాష వల్లెవేశాను. రెండోసారి పరీక్ష నెగ్గాను. అప్పటినుంచి నాకు రెండు గొంతులు. ఎర్రలైటు వెలగగానే ఇంట్లో ఉన్న నేను లేచిపోయి, "అలాగా, చాలా సంతోషమండీ" అనే ఇంకో ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంటుంది.

ఆ ఆవిడను నేను తిట్టను. ఆమె పుణ్యాన లాల్‌దర్వాజ బోనాలకు జనం మధ్య నిలబడి ప్రత్యక్ష వ్యాఖ్యానం చెప్పాను. మొహర్రం ఊరేగింపు పక్కన చెప్పుల్లేకుండా నడుస్తూ మాట్లాడాను. ఓట్ల లెక్కింపు రోజున నాలుగు పార్టీల వాళ్లను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఎవరికీ అర నిమిషం ఎక్కువ ఇవ్వకుండా, ఎవరి చేతా కుర్చీ విసిరించుకోకుండా బయటపడ్డాను. టీవీ వాళ్లకు పాతబస్తీ గొడవ జరిగితేనే గుర్తొస్తుంది. మాకు ప్రతి శుక్రవారం గుర్తుండేది. మధ్యాహ్నం మూడింటికి అరగంట కార్యక్రమం. ఒక వారం ఏదో ఒక బస్తీకి వెళ్లి రికార్డు చేసుకొచ్చింది వేస్తాం, మరో వారం ఒక అధికారినో డాక్టరునో స్టూడియోలో కూర్చోబెట్టి నేరుగా జనం ఫోన్లు తీసుకుంటాం. శుక్రవారం మా వైపు చాలా దుకాణాలు బందు ఉంటాయి. జుమ్మా నమాజూ భోజనాలూ అయ్యాక మూడింటికి జనం ఇళ్లలో దొరుకుతారు.

రెండేళ్ల కింద ఆపా వాళ్లు అద్దె ఇల్లు వదిలేసి, జల్‌పల్లిలో ఒక కొత్త కాలనీలో చిన్న ప్లాటు కొని రెండు గదులు వేసుకున్నారు. గల్లీ అంతా ఆమెను సాగనంపింది. నేను మాత్రం ఇంట్లోంచి బయటికి రాలేదు, ఏడుపు ఆగక. పోయినేడాది ఒక పొద్దున ఆమే మా ఇంటికి వచ్చి, చాయ్ కూడా ముట్టకుండా మంచం అంచున కూర్చుంది.

"చెల్లె, ఆరున్నర బస్సు బందు వెట్టిండ్రు" అంది.

నన్ను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆపా కూతురు చార్మినార్ దగ్గర కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం. మధ్యాహ్నం షిఫ్టు, ప్రాక్టికల్స్ అయ్యేసరికి ఆరవుతుంది. ఆరున్నరకు చార్మినార్ నుంచి వాళ్ల కాలనీదాకా ఒక సిటీబస్సు ఉండేది. అది తీసేశాక ఆఖరి బస్సు అయిదింటికి. ఆ తర్వాత షేరింగ్ ఆటోలో షాహీన్‌నగర్ దాకా వచ్చి, అక్కడినుంచి దీపాలు లేని రోడ్డు మీద అరగంట నడవాలి. రెండుసార్లు ఎవరో బైకు మీద వెంటపడ్డారట. ఆపా భర్త ట్రాలీ ఆటోలో సామాన్లు తోలతాడు. ఆయన ఇల్లు చేరేసరికి తొమ్మిది. ఎదురెళ్లి తీసుకొచ్చే వీలు లేదు.

"నెల దినాలల్ల పరీక్షలున్నయి. గవి రాసుడుతోని చాలు, కాలేజీ బందు అన్నడు. పిల్ల రెండు దినాలసంది అన్నం తింటలేదు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఆయన చెడ్డోడు గాదు చెల్లె, భయపడ్డోడు. చెడ్డోడైతే కొట్లాడుదును. భయపడ్డోనితోని ఏం కొట్లాడుత?" ఆమె చున్నీ అంచుతో ముక్కు తుడుచుకుంది. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ అంటరు. హౌ, ఫ్రీయే. బస్సేది మరి? నీ రేడియోల పెట్టు. ఇరవై ఏండ్ల సంది గాడ ఏం జేస్తున్నవ్?"

నా ముక్కు మీద కోపం ఉన్న సంగతి ఆమెకు తెలుసు. ఎక్కడ గోకాలో కూడా తెలుసు.

తర్వాతి వారమే రికార్డర్ పట్టుకుని జల్‌పల్లి వెళ్లాను. ఆపా ముందు గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని గాజులకు రాళ్లు అతుకుతున్నారు. మధ్యలో బొగ్గుల కుంపటి, దాని మీద మెత్తబడుతున్న లక్క, గది నిండా ఆ వాసన. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికే లొల్లి లొల్లిగా ఉంది. డిపో వాళ్లను, కార్పొరేటర్లను, మొగుళ్లను వరసపెట్టి దులుపుతున్నారు. నవ్వుకుంటూ మైకు బయటికి తీసి, బటన్ నొక్కి, ఆపా ముందు పెట్టాను. గది గుడి గంట ఆగినట్టు చప్పబడిపోయింది.

"చెప్పండి, బస్సు రద్దు కావడం వల్ల మీకు ఎదురవుతున్న ఇబ్బందులేమిటి?" అన్నాను.

ఆపా చున్నీ సరిచేసుకుంది. గొంతు సవరించుకుంది. నా జన్మలో ఆమె నోట వినని గొంతుతో, "రవాణా సౌకర్యం లేనందువలన మా కాలనీ ప్రజలు తీవ్ర అసౌకర్యానికి గురవుతున్నారు. సంబంధిత అధికారులు తక్షణమే స్పందించవలసిందిగా కోరుతున్నాము" అంది.

నేను బిత్తరపోయాను. మైకు పక్కావిడ వైపు తిప్పాను. ఆమె కూడా అంతే. "విద్యార్థినులు పలు ఇక్కట్లు పడుతున్నారు" అంది. ఆమె బడి మొహం చూడలేదు. మూడో ఆవిడ "ధన్యవాదములు" అని మాత్రం అని ఊరుకుంది. అందరూ మా కొట్టం లాంటి చోట్ల ముప్పయ్యేళ్లు రేడియో విన్నవాళ్లే. మైకు ముందు అలా తప్ప మాట్లాడకూడదేమోనని నేర్చుకున్నారు. ఆపి, "మామూలుగా మాట్లాడున్రి" అని బతిమాలాను. బతిమాలింది రికార్డర్ ఆపేసిన తర్వాత. బటన్ మళ్లీ నొక్కగానే నేనే, "సరే, ఇప్పుడు మీ అభిప్రాయం తెలియజేయండి" అన్నాను. తప్పు వాళ్లది కాదని నాకు ఆ రోజు తట్టనే లేదు. అంత రికార్డింగూ తెచ్చుకుని, దగ్గులు తీసేసి, శుక్రవారం వేశాను.

ఒక్క ఫోను రాలేదు, ఒక్క ఉత్తరం రాలేదు. డిపో వాళ్లు విన్నారో లేదో కూడా తెలీదు. వచ్చింది ఆపా ఒక్కతే, మర్నాడు, గుమ్మం బయటినుంచే అరుస్తూ.

"మా ఆయన నా పక్కనే కూసోని ఇన్నడు! మొత్తం ఇన్నడు! ఇని ఏమన్నడో తెల్సా? ఎవరో మేడమ్ మంచిగ మాట్లాడింది, చదువుకున్నామె లెక్కుంది అన్నడు. అరె అల్లా, పాతికేండ్ల సంది నాతోని సంసారం జేస్తున్నడు, నా గొంతు గుర్తు వట్టలే!"

నేను నవ్వాను. ఆపా నవ్వలేదు. నవ్వుతున్నదాన్ని నన్ను చూసి ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఆయనకే తెల్వకపాయె, గది నా కష్టమని. బస్సోళ్లకు ఏం తెలుస్తది చెల్లె?"

ఆ మాట నన్ను చెంప మీద కొట్టినట్టయింది. ఇరవై ఏళ్లు ఆ మెత్తటి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్నవాళ్ల నోళ్లు నేనే కుట్టేస్తూ వచ్చానని అర్థమైంది. కోపం వచ్చింది, అదీ నా మీద. అలాంటి కోపం నాకు అలవాటు లేదు.

మా కార్యక్రమ అధికారి దగ్గరికి వెళ్లి, వచ్చే ఫోన్ల వారానికి డిపో అధికారిని పిలుద్దామన్నాను. మా సార్ మంచివాడే, కాకపోతే రూలు తప్పితే ఆయనకు నిద్ర పట్టదు. "మొన్నే బస్సు మీద వేశాం కదమ్మా" అన్నాడు. "వేశాం సార్. ఎవరికీ వినపడలేదు" అన్నాను. ఆయన నా ముఖం చూసి ఉత్తరం రాయించాడు. నేను వెళ్లేటప్పుడు మాత్రం వేలు చూపించి గుర్తుచేశాడు. ఒక కాల్‌కు ఒక ప్రశ్న. రెండు నిమిషాలు దాటితే లైన్ తీసేయాలి. ఒకరే గుత్తకు తీసుకోకుండా పెట్టిన పాత రూలు అది.

ఆపాకు ఫోన్ చేసి రోజు, టైము చెప్పాను. "ఈసారి నీ తీరుగ నువ్వు మాట్లాడు. నేను గూడ నా తీరుగ మాట్లాడుత" అన్నాను. అప్పటికి పరీక్షలు ఎనిమిది రోజుల్లోకి వచ్చాయి.

"హౌ, జూద్దాం" అంది ఆపా. ఆ అనడంలో ఏదో ఉంది. నేను పట్టించుకోలేదు.

శుక్రవారం రానే వచ్చింది. డిపో అధికారి ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఫైలుతో వచ్చాడు. యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. అద్దం అవతల ఇంజినీరు, ఆయన పక్కన మా సార్. ఎర్రలైటు వెలిగింది. నేను పరిచయం చేసి ఆరున్నర బస్సు సంగతి అడిగాను. ఆయన ఫైలు తెరిచి చదివాడు. "ప్రయాణికుల ఆదరణ కొరవడినందున సదరు ట్రిప్పును ఉపసంహరించడమైనది. ప్రస్తుతం ఉన్న అయిదు గంటల ట్రిప్పు కూడా దాదాపు ఖాళీగానే వెళుతోంది. అంటే, సాయంత్రం పూట ఆ కాలనీకి ప్యాసింజర్లు లేరు."

ఫోను లైటు మినుకుమంది. నేను లైన్ కలిపాను.

"హలో, చెప్పండి, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

"జల్‌పల్లి నుంచి చెల్లె. నేనే."

ఆపా! గొంతు ఆమెదే. అచ్చంగా ఆమెదే. గాజుల పని మీద కూర్చుని మొగుళ్లను దులిపే గొంతు.

"సార్, ప్యాసింజర్లు లేరన్నవు గద? నేను ప్యాసింజర్ని. గాజుల మాలు చార్మినార్‌ల దుకాణంల అప్పజెప్పేసరికి ఆరైతది. ఆరున్నరకు ఎక్కుత, కాలనీ మసీదు కాడ దిగుత. నీ అయిదింటి బస్సు ఖాళీ పోతదంటే పోదా మరి? గప్పటికి మేమంత పనిలనే ఉంటం. మమ్మల్ని ఇడిచిపెట్టి పోయి, మేము లేమంటున్నవు. జర ఆగు, లైన్ తియ్యకు. నా పక్కన ఇంకో ప్యాసింజర్ ఉంది."

ఫోను చేతులు మారిన చప్పుడు వినపడింది.

"సలాం సార్. నేను ఆస్పత్రిల ఆయా పని జేస్త. ఆరింటికి డ్యూటీ దిగుత. చార్మినార్‌ల ఎక్కుత, షాహీన్‌నగర్ దాటినంక రెండో స్టాపుల దిగుత. నేను గూడ ప్యాసింజర్నే. ఇంద, అమ్మా, నువ్వు జెప్పు."

"పూలమ్ముత బిడ్డా, చార్మినార్ కమాన్ కాడ. నాకు మోకాళ్ల నొప్పులు. గంప ఖాళీదే ఉంటది, బస్సుల జాగ గూడ పట్టదు. నన్ను గూడ రాసుకో."

అప్పుడు తెలిసింది నాకు, ఆపా ఏం చేసిందో. మా రూలు ఆమెకు ఎప్పుడో తెలుసు, కార్యక్రమం విన్న ప్రతివాళ్లకూ తెలుసు. లైన్లు రెండే, ఎంతమంది ప్రయత్నించినా కలిసేది ఒకరికో ఇద్దరికో. అందుకని ఆ పూట పనులు మానిపించి, కాలనీనంతా తన గదిలో కూర్చోబెట్టి ఒక్క ఫోను చేసింది. బస్సెక్కేటప్పుడు నిలబడ్డట్టు వరసగా నిలబెట్టింది.

అద్దం అవతల మా సార్ రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తున్నాడు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. లైన్ తీసే మీట మీదే నా చెయ్యి ఉంది. చార్టులో పేరు లేకుండా పోవడానికి ఉత్తర్వు కూడా అక్కర్లేదు, వచ్చే నెల డ్యూటీ పడకపోతే చాలు. అది నాకు బాగా తెలుసు. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదన్న సంగతి కూడా తెలుసు. తలొంచుకుని ఎదురుగా ఉన్న కాగితం చదువుతున్నట్టు నటించాను. ఖాళీ కాగితం అది. మీట మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"చెప్పు ఆపా, ఇంకెవరున్నరు?" అన్నాను.

నా నోటినుంచి మా గల్లీ మాట స్టూడియోలో రావడం అదే మొదలు. ఆకాశం విరిగి మీద పడలేదు.

బట్టల దుకాణంలో చేసే అమ్మాయి మాట్లాడింది. ఫంక్షన్ హాల్లో వంటకు వెళ్లే ఆవిడ మాట్లాడింది. ఒకామెకు తెలుగు రాదు. "మైఁ భీ ప్యాసింజర్, సాబ్. సాఢే ఛే బజే, చార్మినార్ సే" అంది, అది తర్జుమా చెయ్యాల్సిన పని ఎవరికీ పడలేదు. టైలరింగ్ నేర్చుకునే అక్కాచెల్లెళ్లిద్దరు ఒకేసారి మాట్లాడి, ఒకరినొకరు గిల్లుకున్నట్టున్నారు, కిసుక్కుమని నవ్వారు. ప్రతి ఒక్కరిదీ అదే వరస. ఎక్కడ పని, ఎన్నింటికి అయిపోతుంది, ఎక్కడ ఎక్కుతారు, ఎక్కడ దిగుతారు. కష్టాల మాట ఒక్కరు ఎత్తలేదు. ఎవరూ ఎవరినీ కోరలేదు, వేడుకోలేదు. బస్సులో టికెట్ అడిగితే చెప్పినట్టు చెప్పారు, అంతే.

అధికారి వైపు చూశాను. ఆయన ఫైలు మూసేశాడు. జేబులోంచి పెన్ను తీసి, ఫైలు అట్ట మీదే స్టాపులు రాసుకుంటున్నాడు. రాస్తూ రాస్తూ తల ఎత్తి మైకులోకి వంగాడు.

"అమ్మా, జర నిమ్మళంగ. షాహీన్‌నగర్ కాడ దిగేటోళ్లు ఎంతమంది అన్నరు?"

ఆయన గొంతు కూడా మారిపోయింది! సదరు, ఉపసంహరించడమైనది, అవన్నీ ఎటుపోయాయో. అవతలినుంచి నలుగురైదుగురు ఒకేసారి జవాబు చెప్పారు. గదిలో లొల్లి లేచింది. అది అలాగే గాలిలోకి పోయింది, పట్నమంతా వినపడింది. నేను ఒక్క దగ్గు కూడా తీసేయలేదు.

పదకొండు మందిని లెక్కపెట్టాను. పదకొండో మనిషి అయ్యాక ఫోను మళ్లీ చేతులు మారింది. ఎవరూ మాట్లాడలేదు. రేడియోలో మూడు సెకన్ల నిశ్శబ్దమే చాలా పెద్దది. సార్ అద్దం మీద వేలితో కొడుతున్నాడు. అప్పుడు ఒక మగ గొంతు వినపడింది.

"అస్సలాము అలైకుం. నేను ప్యాసింజర్ని గాను."

ఆపా భర్త. పాతికేళ్లుగా నేను "భాయ్" అని పిలిచే మనిషి. పెళ్లిలో కూడా నాలుగు మాటలు మాట్లాడనివాడు.

"నా బిడ్డ ప్యాసింజర్. బీఎస్సీ చదువుతున్నది. కాలేజీ బందు అని నేనే అన్న. గది తప్పో ఒప్పో నాకు తెల్వది, భయమైంది, అన్న. ఇప్పుడీడ కూసోని ఇంతమంది మాట ఇన్న. వీళ్లందరు ఎక్కే బస్సుల నా బిడ్డ గూడ ఎక్కుతదంటే నాకు ఫికర్ లేదు." ఊపిరి పీల్చుకోవడం వినపడింది. "బస్సు పెట్టున్రి సార్. బిడ్డను చదివిస్త, ఎంత దనుక చదువుతనంటే అంత దనుక. అందరు ఇంటున్నరు గద. నేనీ మాట తప్పను."

వెనక ఎవరో ఆడపిల్ల "అబ్బా!" అని గట్టిగా ఏడ్చేసింది. వాళ్లింట్లో తండ్రిని అలాగే పిలుస్తారు.

నా కళ్లు చెమ్మగిల్లాయని సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఇంజినీరు కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, తర్వాత అడిగితే దుమ్ము అన్నాడు. అధికారి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం నుంచి ఆరున్నర బస్సు ఉంటది. నెల దినాలు నడిపి చూస్తం. నిండితే ఉంటది, ఇగ తీసేది లేదు" అన్నాడు. అని, ఒక క్షణం ఆలోచించి, "నిండుతదని నాకు సమజైంది" అన్నాడు.

అవతల గదిలో కేకలు, చప్పట్లు, గాజుల గలగల. లక్క ఆరని గాజులు చేతుల్లో పట్టుకునే చప్పట్లు కొట్టి ఉంటారు. మాకు ఇరవై సెకన్లే మిగిలాయి. రోజూ చెప్పే ముగింపు వాక్యం నాకు గుర్తు రాలేదు. "సోమవారం ఆరున్నరకు, చార్మినార్ స్టాపుల. నేను గూడ వస్తున్న" అని మీట దించేశాను.

బయటికి రాగానే సార్ నన్ను తన గదికి రమ్మన్నాడు. రూలు ఎందుకు తప్పానో రాతపూర్వకంగా వివరణ ఇవ్వమన్నాడు. ఇచ్చాను. మూడే వాక్యాలు, క్షమాపణ లేకుండా. వెళ్లి క్యాంటీన్‌లో కూర్చున్నాను. ఇక అయిపోయింది, పాల వ్యాపారం చూసుకోవచ్చు అనుకున్నాను. గంట తర్వాత పిలుపొచ్చింది. ఆయన బల్ల మీద నా వివరణ ఉంది, చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. తీసి పక్కన పెట్టాడు.

"మళ్లీ మొత్తం విన్నాను" అన్నాడు. "రూలు ఒక కాల్‌కు ఒక ప్రశ్న అని. వచ్చింది ఒకటే కాల్. అడిగింది కూడా ఒకటే ప్రశ్న. పదకొండు మంది అడిగినంత మాత్రాన పదకొండు ప్రశ్నలు కావు." నా వివరణ మడిచి సొరుగులో వేసుకున్నాడు. "వచ్చే శుక్రవారం దీన్నే పునఃప్రసారం చేద్దాం. దగ్గులతో సహా."

నేను థాంక్స్ కూడా చెప్పకుండా బయటికి వచ్చేశాను.

ఆదివారం సాయంత్రానికల్లా కాలనీ ముందు రెండు ఫ్లెక్సీలు వెలిశాయి. ఒక నాయకుడు బస్సు పక్కన దండం పెడుతూ, ఇంకో పార్టీ నాయకుడు బస్సు ముందు చెయ్యెత్తుతూ. ఇద్దరూ తామే సాధించామని రాయించుకున్నారు. ఆపా ఫోన్ చేసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఉండనియ్ చెల్లె, ఎండకు నీడైతది. గాళ్లిద్దరిని గూడ బస్సు ఎక్కుమను, జాగుంటె!" అంది. ఆమె అలా నవ్వడం విని ఎన్నాళ్లయిందో.

ఆ బస్సు ఇవాళ్టికీ నడుస్తోంది. కానీ నాకు గుర్తుండిపోయింది మొదటి సోమవారమే. ఆరింటికే చార్మినార్ స్టాపుకు చేరుకున్నాను. మనసు ఒకచోట నిలవడం లేదు. రాకపోతే? వచ్చి ఆగకపోతే? పూలమ్మే అవ్వ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఆయా వచ్చింది, టైలరింగ్ అక్కాచెల్లెళ్లు వచ్చారు. గొంతులు మాత్రమే విన్న మనుషులను ఒక్కొక్కరినే గొంతు పట్టి గుర్తుపట్టాను. ఆపా భర్త ట్రాలీ ఆటో దూరంగా ఆపుకుని నిలబడ్డాడు. ఆ పూట బేరం వదులుకున్నట్టుంది. నన్ను చూసి తలూపాడు, అంతే.

ఆరు ఇరవై ఎనిమిదికి బస్సు మూల తిరిగింది. బోర్డు మీద మా ఆపా వాళ్ల కాలనీ పేరుంది. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. ఏ జాతరలోనూ అలాంటి కేక వినలేదు నేను. కండక్టరు బిత్తరపోయి, "ఏందమ్మా, గింతమందా?" అన్నాడు. "గింతమందే! రాసుకో!" అని ఆపా మొదటి మెట్టు ఎక్కింది. ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. సీట్లు నిండాయి, నిలబడేచోటూ నిండింది. కిటికీ పక్కన ఒక్క సీటు దొరికించుకుని నేను కూలబడ్డాను. ఇరవై ఏళ్లలో నేను చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానాలన్నీ కలిపినా ఇంత గొప్ప దృశ్యం ఒక్కటి లేదనిపించింది.

ఆఖరున ఆపా కూతురు పరిగెత్తుకుంటూ ఎక్కింది. తెల్ల కోటు చేతి మీద వేలాడుతోంది, చంకలో రికార్డు పుస్తకం. కిటికీలోంచి తండ్రి వైపు చెయ్యి ఊపింది. నన్ను చూసింది. నేను లేచి కావలించుకుందామని చేతులు చాచాను. ఏదో అంటుందని, ఏడుస్తుందని, నేను కూడా ఏడవొచ్చని సిద్ధంగా ఉన్నాను.

"ఖాలా, జర జరుగు" అంది. "రేపు పరీక్షుంది, చదువుకోవాలె."

జరిగాను. ఆమె నా పక్కన సగం సీటులో ఇరుక్కుని, బస్సు కదలకముందే పుస్తకం తెరిచింది.